అందరికన్నా వెనక వచ్చే లొరేన్

చెయిర్‌లిఫ్ట్ మీద నా పక్కన కూర్చున్నతను గ్లవ్స్ విప్పి, జేబులోంచి నారింజపండు తీసి ఒలవడం మొదలుపెట్టాడు. మంచు కొండ మీద వాసనలుండవు. అంత చలిలో చెట్లూ, మనుషులూ, లాడ్జ్‌లో వేగే బంగాళాదుంపలూ, దేని వాసనా నాలుగడుగులు దాటి రాదు. అందుకే ఆ తొక్క వాసన ఒక్కసారిగా తగిలేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రసం నా కంట్లో పడిందేమోనని అతను కంగారుగా సారీ చెప్పాడు. ఏం లేదన్నాను. నా ఒంటి మీద వాలంటీర్ల నీలం జాకెట్ ఉంది. కొండ దింపాల్సిన లీడరే ఏడుస్తుంటే వచ్చినవాళ్ళు బెదిరిపోతారు. తల పక్కకి తిప్పుకుని పైన్ చెట్లని చూస్తూ కూర్చున్నాను. ఇదే లిఫ్ట్ మీద పండు ఒలిచి, సగం నా చేతిలో పెట్టి, పైకి చేరేదాకా ఒక్క మాటైనా మాట్లాడని మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ పేరు లొరేన్.

నేను ఆవిడని కలిసేనాటికి మావారు వేణు పోయి ఏడాది దాటింది. మాది అమెరికాలోని శాన్ రామన్. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే, పిల్లలు లేరు. ఒక ఆదివారం పొద్దున వేణు కాఫీ కప్పు సింకులో పెట్టబోతూ కుప్పకూలిపోయాడు. గుండె అన్నారు. ఆ వారమంతా ఇల్లు మనుషులతో నిండిపోయింది. వచ్చినవాళ్ళలో సగంమంది నా చెయ్యి పట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "నీ స్టేటస్ ఏంటి? గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ ఎవరి పేరు మీద ఉంది?" తప్పని అనను, ఇక్కడి బతుకులో అది నిజంగా అవసరమైన ప్రశ్నే. తర్వాత మెల్లగా రావడం తగ్గించారు. ఆ శ్రావణమాసంలో మా వీధి చివర స్వప్న ఇంట్లో వరలక్ష్మీ వ్రతం జరిగిందని, ఆ ఇంటి ముందు ఆగిన కార్లని చూసి తెలుసుకున్నాను. మర్నాడు స్వప్నే ఫోన్ చేసింది. "ఏమనుకోకు మాధవీ. పిలుస్తే నువ్వు ఫీల్ అవుతావేమోనని పిలవలేదు. పులిహోర తీసి ఫ్రిజ్‌లో పెట్టాను, వచ్చి పికప్ చేసుకో." మంచి మనిషి. నిజంగానే నా మనసు నొప్పించకూడదనుకుంది. నేను వెళ్ళలేదు.

ఆ చలికాలం మా ఆఫీసువాళ్ళు టాహో కొండల్లో ఒక స్కీ రిసార్ట్‌కి వెళ్తుంటే నన్నూ రమ్మన్నారు. అంతకుముందు రెండుసార్లు వేణుతో వెళ్ళి, పిల్లలు జారే చిన్న దిబ్బ మీద నిలబడడం నేర్చుకున్నాను, అంతే. కొండ దగ్గరికి చేరగానే ఆఫీసువాళ్ళంతా వాళ్ళ వాళ్ళ జట్లుగా పెద్ద వాలుల మీదికి వెళ్ళిపోయారు. "లంచ్‌కి కలుద్దాం" అన్నారు. లాడ్జ్ ముందు ఒక బోర్డు కనిపించింది. కొండకి కొత్తవాళ్ళూ, తోడు లేనివాళ్ళూ అక్కడికొస్తే వాలంటీర్ లీడర్లు ఉచితంగా వెంటబెట్టుకుని తిప్పుతారట. 'తోడు లేనివాళ్ళు' అన్నమాట దగ్గర ఆగిపోయాను. బోర్డు పక్కన నీలం జాకెట్‌లో, డెబ్బై దాటిన ఒక పొడుగాటి ఆవిడ స్కీ కర్రల మీద గడ్డం ఆన్చి నిలబడి ఉంది. ముఖంలో నవ్వు లేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "చదివావుగా. రా" అంది.

ఆవిడతో నేనెప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడాను. అందులో 'నువ్వు'కీ 'మీరు'కీ ఒక్కటే మాట. అయినా నా మనసులో ఆవిడ ఎప్పుడూ 'మీరే', అందుకే ఇక్కడ అలాగే రాస్తున్నాను.

ఆ రోజు గుంపులో ఐదారుగురం ఉన్నాం. ముందు మరో వాలంటీర్ దారి తీస్తుంటే లొరేన్ అందరికన్నా వెనక వచ్చింది. లీడర్ వెనక రావడమేమిటని నాకు వింతగా అనిపించింది. మొదటి మలుపులోనే పడ్డాను. లేచి మళ్ళీ పడ్డాను. గుంపంతా కింద ఆగి నా వైపే చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయి, "మీరంతా వెళ్ళిపోండి, నేను మెల్లగా నడిచి దిగుతాను" అన్నాను. లొరేన్ నా పక్కకి వచ్చి ఆగింది. చెయ్యి మాత్రం ఇవ్వలేదు.

"లేవడం నీ పని. ఆగడం మా పని. ఎవరి పని వాళ్ళం చేద్దాం."

"నా వల్ల అందరికీ ఆలస్యం..."

"వాళ్ళ సంగతి నీకెందుకు? ఈ గుంపులో చివరి మనిషి ఎంత వేగంగా వెళ్తే అదే గుంపు వేగం. ఇష్టంలేనివాళ్ళకి కొండ మొత్తం ఖాళీగానే ఉంది."

లేచాను. ఎన్నిసార్లు పడ్డా ఆవిడ నా పైవైపున అలాగే నిలబడింది. ఓదార్చలేదు, తొందరపెట్టలేదు. సంవత్సరం పైగా అందరి జాలితోనూ, అందరి మొహమాటంతోనూ విసిగిపోయిన నాకు ఆ నిలబడడం ఎంత హాయిగా ఉందో ఎవరికీ చెప్పలేను. లంచ్‌కి నేను రాలేదని ఆఫీసువాళ్ళు గమనించలేదు. నేనూ వాళ్ళకి గుర్తుచేయలేదు.

అప్పటినుంచి శనివారాలు కొండకి వెళ్ళడం మొదలుపెట్టాను. తెల్లవారకముందే బయల్దేరి, శాక్రమెంటో దాటి, మంచు ఎక్కువగా ఉన్నచోట టైర్లకి గొలుసులు కట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. స్వప్నకి తెలిసి ఫోన్లో కోప్పడింది. "స్నోలో ఒక్కదానివే డ్రైవ్ చేస్తున్నావా? ఏమైనా అయితే ఎవరికి కాల్ చేస్తావ్?" ఎవరికి చేస్తానో నాకూ తెలియలేదు. లొరేన్ నన్ను చూసి ఆశ్చర్యపోయేది కాదు, సంతోషం చూపించేదీ కాదు. "వచ్చావా" అనేది. లిఫ్ట్ ఎక్కగానే నారింజపండు తీసేది. ఆవిడకి లిఫ్ట్ మీద మాటలు గిట్టవు. కింద మాట్లాడుకోవచ్చు, పైన మాట్లాడుకోవచ్చు, మధ్యలో గాలిలో వేలాడేటప్పుడు ఊరుకోవాలి, అది ఆవిడ పద్ధతి. మొదట్లో ఆ మౌనం ఇబ్బందిగా ఉండేది. తర్వాత్తర్వాత దానికోసమే అంత దూరం వెళ్తున్నానని నాకే అర్థమైంది. మా ఇంట్లోనూ మౌనమే ఉండేది, కాని అక్కడ పక్కన ఎవరూ ఉండేవారు కారు.

ఆవిడ గురించి తెలిసింది కొంచెమే. కొండలకి పడమటివైపు లోయలో ఎక్కడో ఇన్సూరెన్స్ ఆఫీసు నడిపింది. పెళ్ళి చేసుకోలేదు. ఆఫీసు మూసేశాక కొండ కింద ట్రకీ ఊళ్ళో చిన్న ఇల్లు కొనుక్కుని, చలికాలమంతా ఇలా జనాన్ని తిప్పుతూ బతుకుతోంది. ఒక సాయంత్రం లిఫ్టులు ఆగేవేళకి ఆవిడే అడిగింది.

"ఇంటి దగ్గర నీకోసం ఎవరైనా ఎదురుచూస్తున్నారా?"

"లేదు."

"నాకూ అంతే. అయితే ఇంకోసారి పైకి వెళ్ళొద్దాం పద."

వేణు గురించి ఆ రోజు చెప్పాను. ఆవిడ విన్నది. 'అయ్యో' అనలేదు. "ఎలాంటి మనిషి?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. ఎలా పోయాడని అడిగారు, ఎప్పుడని అడిగారు. వేణు పాత సామెతలు తప్పుగా చెప్పేవాడని, కారులో పాడేవాడని, వంకాయ కూర తప్ప ఏదీ వండడం రాదని, లిఫ్ట్ దిగాక పైనే నిలబడి చెప్తూనే ఉన్నాను. ఆవిడ మధ్యలో కదల్లేదు.

మూడో చలికాలంలో లొరేన్ నన్ను వాలంటీర్‌గా చేరమంది. నేను నవ్వాను. "నేనింకా పడుతూనే ఉన్నానండీ. నా ఇంగ్లీషు కూడా సగంమందికి అర్థం కాదు."

"బాగా స్కీ చేసేవాళ్ళు ఇక్కడ కావలసినంతమంది. వాళ్ళు ఒకసారి దూకితే వెనక్కి తిరిగి చూడరు. నువ్వు ప్రతి మలుపులోనూ ఆగి వెనక ఎవరున్నారో చూస్తావు. నేర్పిస్తే వచ్చేది కాదది."

ట్రైనింగ్ పూర్తిచేసి నీలం జాకెట్ వేసుకున్నాను. నేను ముందు, ఆవిడ వెనక. ఆ జంట రెండు నెలలు సాగింది.

ఒక శనివారం మా గుంపులో మిషిగన్‌లోని నోవై నుంచి వచ్చిన ప్రసాద్ అనే తెలుగాయన ఉన్నాడు. కార్ల కంపెనీలో ఇంజినీరు. బోర్డు దగ్గర నా పేరు వినగానే, "మీరు తెలుగా మేడం? ఈ కొండ మీద తెలుగు లీడరా!" అని సంబరపడిపోయాడు. పైకి చేరేసరికి మేఘం కిందికి దిగింది. చూస్తుండగానే నేలా ఆకాశమూ ఏకమై, పాలకుండలో పడ్డట్టయింది. దారి అంచున పాతిన గుర్తుకర్రలు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ, ఒకరి జాకెట్ ఒకరికి కనిపించేంత దగ్గరగా అందర్నీ నడిపిస్తూ, మధ్యలో ఉన్న లిఫ్ట్ ఆపరేటర్ గది దాకా దింపాను. తలలు లెక్కపెట్టుకున్నాను. అతిథులందరూ ఉన్నారు. లొరేన్ లేదు.

అరిచాను. నా గొంతు గాలిలోనే కొట్టుకుపోయింది. ఆపరేటర్ రెస్క్యూవాళ్ళకి ఫోన్ చేశాడు. వాళ్ళు మరోచోట ఇంకెవరినో దింపుతున్నారు, రావడానికి టైమ్ పడుతుందన్నారు. గుంపుని వదిలి వెళ్ళకూడదని రూలు. ప్రసాద్ నా ముఖం చూసి తెలుగులో అన్నాడు: "మేడం, వీళ్ళందరినీ ఈ రూమ్‌లోనే కూర్చోబెడతా, ఒక్కర్ని కూడా బయటికి పోనివ్వను. మీరు పోయి ఆ పెద్దావిడని చూడండి. లేట్ చేయకండి." ఆపరేటర్ కూడా వెళ్ళమని తల ఊపాడు.

స్కీలు అడ్డంగా వేసుకుంటూ గుర్తుకర్రల వెంట పైకెక్కాను. ప్రతి కర్ర దగ్గరా ఆగి ఆవిడ పేరు పెట్టి అరిచాను. రొప్పుతూ, మధ్యలో తెలియకుండానే "దేవుడా, ఈవిడని కూడానా" అని తెలుగులో తిట్టుకున్నాను. చివరికి పైనుంచి ఈల వినిపించింది. లొరేన్ ఒక గుర్తుకర్రని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. నేను వెళ్ళేసరికి మేఘం కొంచెం విడిపోయి, కింద చెట్ల వరుస మసకగా తేలింది. నేను ఆవిడ ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడ్డాను.

"మాధవీ, నీ గొంతు దగ్గర్లోనే వినిపించింది. ఎంత దూరంలో ఉన్నావు?" అంది లొరేన్, నా భుజం మీదుగా ఎటో చూస్తూ.

ఒక అడుగు ముందుకేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడకి విషయం అర్థమైపోయింది. తనే చెప్పింది. రెండేళ్ళుగా చూపులో నడిమధ్య మసక కమ్ముతోంది. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. డాక్టర్లు ఇక వెనక్కి రాదన్నారు. "ఎండ ఉన్నరోజు మీ అందరి జాకెట్ల రంగులు పట్టుకుని వచ్చేస్తాను. ఇవాళ అందరూ తెల్లబడిపోయారు." మొదట గుంపు కోసమే వెనక వచ్చేది. ఈమధ్య తనకోసం వస్తోంది.

కిందికి దిగాక, వాలంటీర్ల గదిలో ఎవరూ లేనప్పుడు, "ఈ సీజన్ అయ్యేదాకా ఎవరికీ చెప్పకు" అంది. ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. సరే అని ఉంటే ఇంకొన్నాళ్ళు ఆవిడ నాకు దక్కేది. కాదంటే ఈ దేశంలో నాకున్న ఒక్క తోడూ పోతుంది. చాలాసేపు నా బూట్ల బకిల్స్ తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

"మీ ముందున్నవాళ్ళు పడిపోతే మీకు కనిపిస్తుందా?" అన్నాను చివరికి.

ఆవిడ బల్ల మీద గ్లవ్స్ కోసం తడుముకుంది.

"వచ్చే శనివారంలోగా మీరే చెప్పండి. లేకపోతే నేను చెప్పాల్సొస్తుంది."

మర్నాడు పొద్దున అందరూ చేరే మీటింగ్‌లో లొరేన్ లేచి నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. జాకెట్ విప్పి, మడతపెట్టి, బల్ల మీద ఉంచి, నా వైపు తిరక్కుండా తలుపు తడుముకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వారాల తరబడి ఆవిడ నా ఫోన్ తీయలేదు. శనివారాలు నేను గుంపుల్ని తిప్పుతూనే ఉన్నాను. వెనక వేరెవరో వచ్చేవారు. లిఫ్ట్ మీద పక్కనున్నవాళ్ళు వాతావరణం గురించీ, ఇళ్ళ ధరల గురించీ మాట్లాడేవారు. ఇంటికొచ్చాక బట్టలైనా మార్చుకోకుండా సోఫాలో కూర్చుండిపోయేదాన్ని. వేణు పోయినప్పుడు దుఃఖం చుట్టూ ఎంతోకొంత సందడి ఉండింది. ఈసారి ఎవరికి చెప్పుకోను? ఒక ముసలావిడ నాతో మాట్లాడ్డం మానేసిందని చెబితే ఎవరు ఓదారుస్తారు?

సీజన్ ముగిసేలోపు ఒక ఆదివారం ట్రకీ వెళ్ళి ఆవిడ తలుపు కొట్టాను. ఈలోగా నేను, చూపు లేనివాళ్ళని గొంతుతో నడిపిస్తూ స్కీ చేయించే ట్రైనింగ్ తీసుకున్నాను. అదే చెప్పాను. "నేను ముందు వెళ్తూ పిలుస్తాను. మీరు నా గొంతు వెనక రండి."

"ఇంకొకళ్ళ వెనకాల వెళ్ళడానికి నేనీ కొండకి రాలేదు."

"మరి అన్నేళ్ళూ మీరు చేసిందేమిటి? అందరి వెనకాలే కదా వచ్చారు?"

లొరేన్ నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే. "లోపలికి రా. తలుపు తీసి ఉంటే చలి" అంది.

వారం తిరక్కుండానే ఇద్దరం దిగాం. మొదటి ప్రయత్నం ఘోరంగా చెడింది. నేను ఇంగ్లీషులో 'లెఫ్ట్, రైట్' అని పిలుస్తున్నాను. వెనకనుంచి దూసుకొచ్చే ఎవడో, ఎడమవైపునుంచి దాటిపోతున్నానని చెప్పడానికి, "ఆన్ యువర్ లెఫ్ట్!" అని కేకేశాడు. అది నా కేక అనుకుని లొరేన్ ఎడమకి తిరిగి దారి అంచున ఉన్న కంచెలో పడింది. లేపబోయాను. "లేవడం నా పని" అని కసిరింది. లేచి, మంచు దులుపుకుని, "ఇక్కడ ఇంకెవరూ అనని మాటలు ఏవైనా ఉన్నాయా నీ దగ్గర?" అంది.

అలా ఎడమ, కుడి, ఆగు నేర్పించాను. వాలు మీద ఎంతమంది అరుస్తున్నా ఆ మూడూ ఆవిడ చెవికి విడిగా వినిపించేవి. నేను "కుడీ..." అని సాగదీస్తే ఆవిడ వెనకనుంచి "కుడీ" అని బదులిచ్చి తిరిగేది. 'ఎడమ'ని 'యెడమా' అనేది. 'ఆగు' అంటే ఆవిడకి మహా ఇష్టం. "మీ భాషలో ఆగడం ఇంత చిన్న పనా?" అని మెచ్చుకుంది. ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో నిశ్శబ్దం. ఆ రోజుల్లో నేను నోరారా తెలుగు పలికింది ఆ కొండ మీదే, చూపు తగ్గిన ఒక అమెరికా ఆవిడతో, మూడంటే మూడు మాటలు. వాటినే వందలసార్లు పలికేదాన్ని. అంతకన్నా తెలుగు అవసరమనిపించేది కాదు.

అలా రెండు చలికాలాలు గడిచాయి. ఆ తర్వాత లొరేన్ పడిపోయింది, కొండ మీద కాదు, తన వంటింట్లో, ఒక చిన్న మెట్టు కానరాక. తుంటి ఎముక విరిగింది. ఇక ఒంటరిగా ఉండడం కుదరదని, ఎవరో మేనకోడలు వచ్చి శాక్రమెంటోలో వృద్ధుల వసతిలో చేర్చింది. అది నేను కొండ నుంచి తిరిగొచ్చే దారిలోనే ఉంది. ప్రతి శనివారం సాయంత్రం అక్కడ ఆగేదాన్ని. మంచు ఎలా ఉందని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. "ఇవాళ ఎవరొచ్చారు?" అనేది. ఒక్కొక్కర్నీ చెప్పాలి. ఏ ఊరు, ఎందుకొచ్చారు, ఒక్కరే వచ్చారా, ఎక్కడ భయపడ్డారు, దిగాక ఏమన్నారు. మర్చిపోతే ఒప్పుకునేది కాదు. దాంతో గుంపులోని మనుషుల్ని ఆవిడకి అప్పజెప్పేంత శ్రద్ధగా చూడడం అలవాటైంది. పెళ్ళయిన వారానికే దెబ్బలాడుకుని విడివిడి లిఫ్టులెక్కిన జంటని గురించి చెప్తే, వచ్చే శనివారందాకా ఆగలేక మధ్యలో ఫోన్ చేసి వాళ్ళేమయ్యారో కనుక్కోమంది. ఎలా కనుక్కుంటానని నవ్వాను. "అడగాల్సింది" అంది.

ఎండాకాలం చివర్లో, మంచు మాట ఇంకా ఎవరూ ఎత్తకముందే, లొరేన్ నిద్రలో వెళ్ళిపోయింది. ఆవిడ ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ చేస్తూ మేనకోడలు నాకూ చెప్పింది. చివరి చూపుకి ఆ గదిలో పదిమందిమి కూడా లేము. మేనకోడలు నా దగ్గరికొచ్చి, "మీరు మా ఆంటీకి ఏమవుతారు?" అని మర్యాదగా అడిగింది. మన భాషలో ప్రతి చుట్టరికానికీ ఒక పేరుంటుంది. అత్త, పిన్ని, దొడ్డమ్మ, వదిన, తోడికోడలు. ఎంత వెతికినా ఒక్కటీ సరిపోలేదు. "శనివారాలు ఆవిడ దగ్గరికి వచ్చేదాన్నండీ" అన్నాను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "ఓ, అయితే ఆంటీ రోజూ చెప్పే మనుషులంతా మీవాళ్ళా!" అంది.

ఈ సంవత్సరం కూడా నేను కొండకి వెళ్తున్నాను. ఒంటరితనం తగ్గిందా అంటే తగ్గలేదు. దానితో ఎలా కూర్చోవాలో కొంత తెలిసిందంతే. తిరుగుదారిలో శాక్రమెంటో వచ్చేసరికి ఆ రోజు వచ్చినవాళ్ళంతా నా మనసులో వరసగా కూర్చుని ఉంటారు. ఒక్కరి ముఖం కూడా చెదరకుండా తీసుకొస్తాను. వసతికి తిరిగే మలుపు దగ్గర అప్పజెప్పడానికి ఇప్పుడు ఆవిడ లేదు కాబట్టి, వాళ్ళని అలాగే ఇంటిదాకా తెచ్చుకుంటాను. తాళం తీసి, దీపం వేసి, కోటైనా విప్పకుండా వంటింట్లో నిలబడి, పైకే మొదలుపెడతాను, తెలుగులోనే: "ఇవాళ ఆరుగురొచ్చారండీ. ఒకాయన లిఫ్ట్ మీద పండు తింటూ వాళ్ళ అన్నయ్య గురించి చెప్పాడు. ఒక్కడే వచ్చాడు. ఎందుకొచ్చాడో అడిగాను."